రేడియేటర్ మారింది, లోపలి నీరు మారలేదు

కొమ్మాది నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన ఉత్తరం ఇది: "నేను రోజూ బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దగ్గరి బడికి కారులో వెళ్లివస్తాను. డీజిల్ బండి, కొని పదకొండేళ్లయింది. గత నాలుగేళ్లలో రెండు రేడియేటర్లు, ఒక వాటర్ పంపు మార్పించాం. ఇప్పుడు మళ్లీ రేడియేటర్ పక్కనుండే డబ్బాలోని నీళ్లు ఇటుకపొడి రంగుకు తిరిగాయి. పది రోజులకోసారి అర లీటరు పోయవలసి వస్తోంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లే పోస్తున్నాం. 'కూలెంట్ మంచు పడే దేశాలవాళ్లకు, మనకు నీళ్లు చాలు, వేడి తగ్గాలంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌లోకి వదిలే కవాటం) తీసేద్దాం' అని మెకానిక్ అంటున్నారు. లారీ ఉన్న మా మరిది ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయమంటాడు. వేసవి సెలవుల్లో అరకు వెళ్లాలనుకుంటున్నాం. అసలు లోపల తుప్పు పట్టకుండా ఏం చేయాలో చెప్పగలరా?"

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటే. రెండు రేడియేటర్లు మార్చామన్నారు గాని, మార్చిన ప్రతిసారీ ఇంజిన్ లోపలి భాగాన్ని కడిగించామని ఎక్కడా రాయలేదు. రేడియేటర్ విప్పినప్పుడు అందులోని నీరు మాత్రమే కారిపోతుంది. ఇంజిన్ బ్లాకులోను, సిలిండర్ల చుట్టూ ఉన్న సందుల్లోను, డాష్‌బోర్డు వెనుక ఉండే హీటర్ గొట్టాల్లోను చెప్పుకోదగినంత నీరు అలాగే నిలిచి ఉంటుంది, దానితోపాటు ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు బురదా ఉంటుంది. కొత్త రేడియేటర్ బిగించి బండి స్టార్టు చేసిన మొదటి పావుగంటలోనే ఆ బురద కొత్త గొట్టాల్లోకి చేరుతుంది. పాడైన భాగాన్ని మార్చారు, పాడుచేసిన నీటిని ఉంచుకున్నారు. మూడో రేడియేటర్ కొన్నా మీకు ఇదే అనుభవం ఎదురవుతుంది కనుక, ఈసారి డబ్బు ఖర్చు చేసే వరుస మార్చమని నా మనవి.

మీ మెకానిక్ గారి మాటను పూర్తిగా తప్పుపట్టలేను. ఆ మాట ఒకప్పటి బండ్ల కాలం నుంచి వచ్చింది. అంబాసిడర్ కారులో ఇంజిన్ బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే హెడ్డు రెండూ పోత ఇనుమువే, రేడియేటరేమో రాగి, ఇత్తడి రేకులతో చేసి సీసం, తగరం కలిసిన టంకంతో అతికించినది. దళసరి ఇనుము కాబట్టి కొంత తుప్పు తిన్నా ఏళ్ల తరబడి నడిచేది. రేడియేటర్ కారితే పాత పోస్టాఫీసు దగ్గరో, కంచరపాలెంలోనో టంకం వేసేవాడు దొరికేవాడు. పొద్దున్నే చెంబుతో నీళ్లు పోయడం డ్రైవరు దినచర్యలో భాగం. మీ కారు అలాంటిది కాదు. మీ బండిలో హెడ్డు అల్యూమినియం, రేడియేటర్ గొట్టాలు గోరంత మందం కూడా లేని అల్యూమినియం, దాని ట్యాంకులు ప్లాస్టిక్, చాలా డీజిల్ ఇంజిన్లలో బ్లాకు మాత్రం ఇంకా పోత ఇనుమే. పలచటి గొట్టానికి చిల్లు పడితే టంకంతో పూడదు, కొత్తది కొనవలసిందే. మంచు పడని ఊరు కనుక గడ్డకట్టే భయం మనకు లేదన్నది నిజం. అయితే కూలెంట్‌కు గడ్డకట్టకుండా చూడడం ఒక పని మాత్రమే. విశాఖపట్నంలో మనం దాన్ని కొనేది రెండో పని కోసం, అంటే లోహాన్ని కాపాడడం కోసం.

ఈ లోహాల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము అని మన భాషలోనే వేరుచేసి చెప్పుకున్నాం. అల్యూమినియం చెడిపోయినప్పుడు పుట్టే తెల్లటి పొడికి మాత్రం మనం పేరు పెట్టుకోలేదు, బహుశా అందుకే దాన్ని పట్టించుకోము. మీ డబ్బాలో కనిపించే ఇటుక రంగు బ్లాకు ఇనుముది. అది కంటికి కనిపించే నష్టం. రేడియేటర్‌కు చిల్లు పొడిచేది మాత్రం కంటికి కనిపించని రెండో నష్టం. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తాను ఒక పలచటి ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది, ఆ పొర ఉన్నంతకాలం లోపలి లోహం క్షేమంగా ఉంటుంది. నీరు బాగా ఆమ్లంగా మారినా, బాగా క్షారంగా మారినా ఆ పొర కరిగిపోతుంది. ఈ రెండూ కాకపోయినా, ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా సూదితో పొడిచినట్లు ఛేదిస్తుంది. తుప్పు ఇనుమును ఒరుసుకుంటూ తింటే, క్లోరైడ్ అల్యూమినియాన్ని ఒక్కచోట గుంట తవ్వినట్లు తింటుంది. అందుకే చుట్టూ మెరుస్తున్న రేడియేటర్ కూడా ఒక్క చుక్కంత చిల్లుతో పనికిరాకుండా పోతుంది.

రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో తడుస్తూ, ఒకదానికొకటి ఆనుకొని ఉంటే, వాటి మధ్య చిన్న బ్యాటరీ పుడుతుంది. అందులో బలహీనమైన లోహం కరిగిపోతుంది. ఇది మన ఊరివాళ్లకు కొత్త సంగతి కాదు. ఫిషింగ్ హార్బరులో ఒడ్డుకు లాగి మరమ్మతు చేసే ఉక్కు పడవల అడుగున జింకు దిమ్మలు బిగించి ఉండడం మీరు చూసే ఉంటారు. ఉప్పు నీరు ఏదో ఒక లోహాన్ని తినక మానదు కనుక, పడవ అడుగుకు బదులు తినమని జింకును ముందుపెడతారు. మీ కారులో అలాంటి దిమ్మ ఏదీ లేదు. ఇనుము, అల్యూమినియం, ఎక్కడైనా రాగి భాగం ఉంటే అదీ ఒకే నీటిలో ఉన్నప్పుడు, ఆ జింకు దిమ్మ వాటా మీ రేడియేటర్ గొట్టాలకు వచ్చి పడుతుంది. నీటిలో కరిగిన రాగి కణాలు అల్యూమినియం మీద పేరుకుంటే నష్టం మరింత వేగంగా జరుగుతుంది.

ఇప్పుడు మీ బోరు నీళ్ల విషయానికి వస్తాను. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి, అందులో క్లోరైడ్ ఒక్కటే సుమారు 19 గ్రాములు. తీరం వెంట ఉన్న బోర్లలో ఎక్కువగా తోడినకొద్దీ సముద్రపు నీరు అడుగున లోపలికి జరుగుతుంది. మీ బోరులో నూటికి ఒక్క పాలు సముద్రపు నీరు కలిసిందనుకుందాం. లీటరుకు 190 మిల్లీగ్రాముల క్లోరైడ్ చేరినట్లే. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ 250 మిల్లీగ్రాముల వరకు ఉన్నా ఆ నీరు తాగడానికి పనికొస్తుంది, నాలుకకూ ఉప్పదనం దాదాపు తెలియదు. కూలెంట్‌లో కలిపే నీటికి ఇంజిన్ తయారీదారులు సాధారణంగా పెట్టే పరిమితి మాత్రం లీటరుకు 40 మిల్లీగ్రాములే. అంటే మనిషి తాగి హాయిగా ఉండగల నీరు కూడా ఇంజిన్‌కు విషమే కావచ్చు. 'తాగే నీళ్లే పోస్తున్నాం కదా' అన్న ధీమా చాలామందికి ఉంది, అది ఇక్కడ పనికిరాదు. కొళాయి నీరు బోరు నీటికంటే మేలే అయినా, అందులోనూ క్లోరిన్, సున్నపు లవణాలు ఉంటాయి. సున్నం ఇంజిన్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్నచోటే, అంటే చల్లదనం అత్యవసరమైన చోటే, గట్టి పొరగా అతుక్కుంటుంది.

పది రోజులకు అర లీటరంటే సంవత్సరానికి సుమారు 18 లీటర్లు. మీలాంటి కారు మొత్తానికి పట్టేది ఆరేడు లీటర్లే. తగ్గిన నీరు ఆవిరిగా పోతున్నదైతే, పోయేది నీరు మాత్రమే, తెచ్చిన ఉప్పు మొత్తం లోపలే మిగిలి చిక్కబడుతూ ఉంటుంది. కారిపోతున్నదైతే కొంత ఉప్పు బయటికి పోతుంది గాని, దానితోపాటు మిగిలి ఉన్న కాస్త కూలెంట్ కూడా పోతుంది. రెండు విధాలా, పోసిన ప్రతి అర లీటరుతోనూ గాలిలోని ఆక్సిజన్ కొత్తగా లోపలికి చేరి తుప్పుకు మేత అవుతుంది. మూతబిగించి నిండుగా ఉన్న వ్యవస్థలో ఉన్న కొద్ది ఆక్సిజన్ త్వరగా ఖర్చయిపోయి తుప్పు మందగిస్తుంది. మీ బండిలో అది ఎన్నడూ ఖర్చయిపోయే అవకాశం లేదు. కాబట్టి కూలెంట్ మార్చడానికి ముందు నీరు ఎటు పోతోందో కనిపెట్టాలి.

మొదట రేడియేటర్ మూతను అనుమానించండి. అది వంటింటి డబ్బా మూతలాంటిది కాదు, అందులో స్ప్రింగుతో పనిచేసే రెండు కవాటాలు ఉంటాయి. ఒకటి లోపలి పీడనాన్ని సుమారు ఒక బార్ వరకు నిలబెట్టి, అంతకు మించితే ఓవర్‌ఫ్లో డబ్బాలోకి వదులుతుంది. ఇంకొకటి ఇంజిన్ చల్లారినప్పుడు ఆ నీటిని తిరిగి లోపలికి రానిస్తుంది. రబ్బరు ఎండిపోతే మొదటిది ఆవిరిని నిలపలేదు, రెండోది నీటికి బదులు గాలిని పీలుస్తుంది. రెండు మూడు వందల రూపాయల మూత మార్చడానికి వెనకాడి వేల రూపాయల రేడియేటర్ కొన్నవాళ్లను చాలామందిని చూశాను. మూత బాగానే ఉంటే, హోస్ పైపుల క్లిప్పుల దగ్గర తెల్లగానో, ఆకుపచ్చగానో, గులాబి రంగుగానో ఎండిన మరక ఉందేమో చూడాలి. వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి కనిపిస్తే పంపు సీలు పోయినట్లు. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే హీటర్ కారుతోంది. వీటిలో ఏదీ కాకుండా, ఇంజిన్ నడుస్తున్నప్పుడు డబ్బాలో ఆగకుండా బుడగలు లేస్తుంటే, లేదా ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారితే, బ్లాకుకూ హెడ్డుకూ మధ్య బిగించే హెడ్ గాస్కెట్ పోయినట్లు. అది తేలకుండా కొత్త కూలెంట్ పోయడం దండగ, ఎందుకంటే సిలిండరులోని పొగ అందులో కలిసి వారాల్లోనే దాన్ని ఆమ్లంగా మార్చేస్తుంది. గాజువాక ఆటోనగర్‌లో ప్రెషర్ పంపుతో పరీక్షించే షెడ్డులు ఉన్నాయి. చల్లటి ఇంజిన్ మీద పంపు బిగించి మూత మీద రాసి ఉన్నంత పీడనం ఎక్కించి, పది నిమిషాలు ముల్లు కదలకుండా ఉంటే బయటి కారుడు లేనట్లే.

ఇక కూలెంట్ అంటే ఏమిటో, దాన్ని ఎలా ఎంచుకోవాలో చెబుతాను. అందులో ఎక్కువ భాగం ఇథిలీన్ గ్లైకాల్, దానితోపాటు కొద్దిగా లోహాన్ని కాపాడే రసాయనాలు ఉంటాయి. పాత పద్ధతి కూలెంట్లలో సిలికేట్, ఫాస్ఫేట్, బోరేట్ వంటి ఖనిజ లవణాలు ఉంటాయి. అవి లోహం మీద సున్నం కొట్టినట్లు మొత్తంగా ఒక పొర వేస్తాయి. త్వరగా కాపాడతాయి, త్వరగా ఖర్చయిపోతాయి, అందుకే వాటి ఆయుర్దాయం సుమారు రెండేళ్లు. ఆర్గానిక్ ఆమ్ల రకం కూలెంట్లు అలా అంతటా పూయవు, తుప్పు మొదలయ్యే చోటును వెతికి అక్కడే పనిచేస్తాయి కనుక నిదానంగా ఖర్చవుతాయి, అయిదేళ్ల దాకా నిలుస్తాయి. రెంటినీ కలిపిన రకాలూ ఉన్నాయి. ఐరోపా తయారీదారులు తమ దగ్గరి నీటిలో సున్నం ఎక్కువ కనుక ఫాస్ఫేట్ వద్దంటారు, జపాన్ వాళ్లు సిలికేట్ వాటర్ పంపు సీలును అరగదీస్తుందని దాన్ని మానుకొని ఫాస్ఫేట్ వాడతారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మీ కారు మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉంటే దాన్నే కొనండి. రంగును నమ్మవద్దు. ఆకుపచ్చ, ఎరుపు, గులాబి, నీలం అన్నవి కంపెనీలు ఇష్టం వచ్చినట్లు కలిపే రంగులే, ఏ రంగు ఏ రకమో చెప్పే ఉమ్మడి నియమం ఏదీ లేదు. ఎరుపులో ఎరుపు కలిపాం కదా అని రెండు రకాలు కలిపితే, ఒకదాని రక్షణను ఇంకొకటి చెడగొట్టడమే కాక, కొన్నిసార్లు జిగటగా గడ్డకట్టి సన్నటి గొట్టాలను మూసేస్తుంది. డబ్బా మీద ఐఎస్ 5759, జేఐఎస్ కే 2234, ఏఎస్‌టీఎం డీ 3306 వంటి ప్రమాణాల్లో ఏదైనా అచ్చయి ఉందో లేదో చూడండి. పేరూ ఊరూ లేకుండా రంగునీళ్లు అమ్మే డబ్బాలు మార్కెట్లో కొల్లలు.

మీ మరిది గారి ఏసీ నీళ్ల సలహా వినడానికి తెలివైనదే. గాలిలోని తేమ చల్లటి తీగల మీద నీరైనప్పుడు అందులో సున్నమూ ఉప్పూ ఉండవు. కాని ఆ నీరు ఏడాదంతా గదిలోని దుమ్ము పేరుకున్న రేకుల మీదుగా, నాచు పట్టిన పళ్లెంలోంచి, రాగి గొట్టాలను తాకుతూ కారుతుంది, మన ఊళ్లో ఆ దుమ్ములో సముద్రపు ఉప్పూ కలిసి ఉంటుంది. మొక్కలకు పోయడానికి బాగుంటుంది. ఇంట్లోని ఆర్వో నీరు కొళాయి నీటికంటే మెరుగే అయినా, చాలా యంత్రాలు రుచికోసం కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతాయి. సీసాల్లో అమ్మే మినరల్ వాటర్ పేరులోనే దాని లోపం ఉంది. బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో అయిదు లీటర్ల క్యాన్లలో దొరికే డీమినరలైజ్డ్ నీరు, అంటే బ్యాటరీలో పోసే నీరే, దీనికి సరైనది. అయితే దాన్ని ఒక్కదాన్నే పోసి వదిలేయవద్దు. ఉప్పు లేని నీరు కూడా ఇనుమును తుప్పు పట్టిస్తుంది, కాస్త నిదానంగా మాత్రమే.

కడిగించే పని బాగా జరిగితేనే మిగిలినదంతా సార్థకం కనుక, షెడ్డులో దగ్గరుండి చేయించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, హీటర్‌ను పూర్తి వేడి మీద ఉంచి, కింది హోస్ విప్పి పాత నీరంతా వదలాలి. బ్లాకుకు ప్రత్యేకంగా డ్రెయిన్ బోల్టు ఉంటే దాన్నీ విప్పాలి, చాలామంది మెకానిక్‌లు ముట్టుకోని బోల్టు అదే, బురద ఎక్కువగా ఉండేదీ అక్కడే. ఓవర్‌ఫ్లో డబ్బాను ఊడదీసి విడిగా కడగాలి. తరువాత శుభ్రమైన నీటితో నింపి, ఇంజిన్ స్టార్టు చేసి, పై హోస్, కింది హోస్ రెండూ వేడెక్కేదాకా నడిపితే థర్మోస్టాట్ తెరుచుకొని నీరు అన్నిచోట్లా తిరిగినట్లు. అప్పుడు ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ వదలాలి. మీ బండికి ఇది మూడు నాలుగుసార్లు చేయవలసి రావచ్చు. వచ్చే నీరు గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే తేటగా కనిపించేదాకా ఆపవద్దు. మొదటి రెండుసార్లకు కొళాయి నీరు వాడినా నష్టం లేదు, చివరి రెండుసార్లు మాత్రం డీమినరలైజ్డ్ నీరే వాడాలి. బురద వదలకపోతే కూలింగ్ సిస్టం కోసమే తయారైన ఫ్లష్ ద్రావకం, అదీ అల్యూమినియానికి హాని లేదని రాసి ఉన్నది, చెప్పినంతసేపే ఉంచి కడిగేయాలి. స్నానాల గది కడిగే యాసిడ్ పోస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మనం ఇంతసేపూ తప్పించుకోవాలని చూస్తున్న క్లోరైడే అది. బట్టల పొడి కూడా వద్దు. ఇంకొక మాట ముందే చెప్పడం మంచిది: తుప్పు బాగా తిన్న బండిని కడిగినప్పుడు, అంతవరకు బురదే అడ్డుపడి మూసి ఉంచిన చిల్లు బయటపడవచ్చు. అది కడగడం వల్ల వచ్చిన చిల్లు కాదు, మెకానిక్‌ను నిందించవద్దు.

నింపేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కడిగాక కూడా బ్లాకులో కొంత నీరు మిగిలి ఉంటుంది కదా, అందులోకి నీరు కలిపి అమ్మే తయారు కూలెంట్ పోస్తే అది మరింత పలచబడుతుంది. దానికి బదులు నీరు కలపని కూలెంట్ కొని, మాన్యువల్‌లో మీ బండి మొత్తం ఎంత పడుతుందో చూసి, ఆరు లీటర్లయితే మూడు లీటర్ల కూలెంట్‌ను ముందు పోసి, మిగిలిన ఖాళీని డీమినరలైజ్డ్ నీటితో నింపితే లోపల మిగిలిన నీటితో కలిసి సగంసగం లెక్క సరిపోతుంది. కొన్ని డబ్బాల మీద వేరే నిష్పత్తి ఉంటుంది, అప్పుడు ఆ నిష్పత్తే పాటించాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అనుకోవద్దు, గ్లైకాల్ నీటికంటే తక్కువ వేడిని మోస్తుంది కనుక నీరు కలపకుండా పోస్తే ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. మూడో వంతుకంటే తక్కువైతే లోహాన్ని కాపాడే మందు చాలదు. లోపల చిక్కుకున్న గాలి వెళ్లిపోయేందుకు, బ్లీడ్ స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా ఆగాలి. గాలి బుడగ నిలిచినచోట లోహం ఒకేసారి వేడికీ ఆక్సిజన్‌కూ చిక్కుతుంది.

థర్మోస్టాట్ తీసేయడానికి మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. అది సుమారు 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకునేలా తయారైంది, ఇంజిన్ ఆ వేడిలో ఉన్నప్పుడే డీజిల్ పూర్తిగా మండుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోతుంది. తీసేస్తే కొమ్మాది నుంచి భీమిలి చేరేలోపు మీ ఇంజిన్ సరిగా వేడెక్కదు, ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో నల్లటి బురద చేరుతుంది. వేడెక్కుతోందన్న ఫిర్యాదుకు అది మందు కాదు, జ్వరం కొలిచే గాజుగొట్టం విరగ్గొట్టడం లాంటిది. కడిగించే రోజునే కొత్త థర్మోస్టాట్, కొత్త మూత వేయించండి, విప్పిన పని ఎలాగూ విప్పారు కనుక కూలి కలిసొస్తుంది.

నాలుగేళ్లలో రెండు రేడియేటర్లు పోయాయి కాబట్టి ఒక చిన్న విద్యుత్ పరీక్ష కూడా చేయించమంటాను. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ వదులైనా, తుప్పు పట్టినా, స్టార్టరు, ఫ్యాను, తరువాత పెట్టించుకున్న లైట్ల కరెంటు తిరిగి వెళ్లే దారి దొరక్క కూలెంట్ గుండా వెళ్తుంది, అప్పుడు రేడియేటర్ నెలల్లోనే చిల్లులు పడుతుంది. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి, మల్టీమీటరు ఒక కొనను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచి, రెండో కొనను బ్యాటరీ నెగెటివ్‌కు తాకించాలి. 0.3 వోల్టులకు మించి చూపిస్తే కూలెంట్ చెడిపోయి ఉండాలి, లేదా ఎర్త్ లోపం ఉండాలి. కొత్త కూలెంట్ పోశాక కూడా అలాగే చూపిస్తే, లేదా లైట్లు, ఏసీ ఫ్యాను వేసినప్పుడు పెరుగుతుంటే ఎర్త్ లోపమే. మన ఊరి ఉప్పుగాలికి బ్యాటరీ దగ్గరి తీగల కొసలు ఎంత త్వరగా పచ్చబడతాయో మీకు తెలియనిది కాదు.

ఉప్పుగాలి మాట వచ్చింది కనుక రేడియేటర్ బయటి వైపు కూడా చెప్పాలి. రోజూ బీచ్ రోడ్డు మీద వెళ్లే బండి రేడియేటర్ రెక్కల సందుల్లో ఉప్పు తుంపర ఎండి కూర్చుంటుంది, గాలిలో తేమ ఎక్కువైనప్పుడల్లా అది కరిగి అల్యూమినియం రెక్కలను పొడి చేస్తుంది. నెలకోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు గొట్టంతో మంచినీళ్లు పట్టిస్తే చాలు. సర్వీస్ సెంటరు ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగి గాలి ఆడదు.

మీ మరిది గారి లారీకి ఈ సలహా యథాతథంగా వర్తించదు. చాలా లారీ ఇంజిన్లలో సిలిండర్ లైనరు (పిస్టన్ ఆడే గొట్టం) బయటి గోడ నేరుగా నీటికి తగులుతూ ఉంటుంది. పిస్టన్ కొట్టుడుకు ఆ గోడ కంపించి, నీటిలో పుట్టిన ఆవిరి బుడగలు పగులుతూ ఇనుమును చెక్కినట్లు తినేస్తాయి, చివరికి లైనరుకు చిల్లు పడి నీరు ఆయిల్‌లోకి వస్తుంది. దాన్ని అడ్డుకునే నైట్రైట్ వంటి రసాయనం ఉన్న భారీ డీజిల్ కూలెంట్‌నే వాడాలి. ఏసీ నీళ్లలో అది ఉండదని ఆయనకు నా మాటగా చెప్పండి.

అరకు ప్రయాణం గురించి చివరగా. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డులో లో గేరులో, తక్కువ వేగంతో, ఎక్కువ బరువుతో ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి పుట్టిస్తుంది, గాలి మాత్రం తక్కువ తగులుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తులో నీరు మామూలుకంటే దాదాపు మూడు డిగ్రీలు ముందే మరుగుతుంది. మూత బాగుండి, సగంసగం కూలెంట్ ఉంటే మరిగే వేడి 125 డిగ్రీలకు పైనే ఉంటుంది కనుక మీకు భయం లేదు. మూత పోయి, వట్టి నీళ్లుంటే అనంతగిరి చేరేలోపే ముల్లు ఎర్ర గీతకు వస్తుంది. అలా వస్తే ఏసీ ఆపి, హీటర్ వేసి, నీడలో బండి నిలిపి అరగంటకు పైగా ఆగాలి. వేడిగా ఉండగా మూత తిప్పకండి, ముఖం కాలుతుంది. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లూ పోయకండి. ముప్పయ్యేళ్ల కిందట ఇదే ఘాట్లో ఒక టీ దుకాణం దగ్గర నేను తొందరపడి బావి నీళ్లు బకెట్టెడు పోసి నా జీపు హెడ్డు పగలగొట్టుకున్నాను. ఆ రోజు జీపును తాడుకట్టి కొండ దింపించడానికి అయిన ఖర్చు, హెడ్డు ఖర్చుకంటే నాకు ఎక్కువ గుర్తుంది.

వదిలిన పాత కూలెంట్‌ను వీధి కాలువలో పారబోయనివ్వకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, మూత్రపిండాలు పాడై చనిపోతాయి. పెద్దవాళ్లకైనా వంద మిల్లీలీటర్లు ప్రాణాంతకం కావచ్చు. క్యాన్లలో పట్టించి, పాత ఆయిల్ సేకరించే షెడ్డులోనే అప్పగించండి, మిగిలిన కొత్త కూలెంట్‌ను పిల్లలకు అందని చోట, మంచినీళ్ల సీసాలో కాకుండా దాని డబ్బాలోనే ఉంచండి.

ఇదంతా మీ సెలవులకు కనీసం మూడు వారాల ముందు చేయించండి. పని అయ్యాక ఓవర్‌ఫ్లో డబ్బా మీద కూలెంట్ మట్టం దగ్గర మార్కరుతో గీత గీసి, పక్కనే తేదీ, కూలెంట్ రకం రాయించండి. రెండు వారాలు రోజూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ గీతను చూసి బడికి వెళ్లండి. మొదటి మూడు నాలుగు రోజుల్లో చిక్కుకున్న గాలి బయటపడి మట్టం కాస్త తగ్గడం సహజం, అదే కూలెంట్ మిశ్రమంతో నింపండి. ఆ తరువాత కూడా గీత దిగువకు జారుతూ ఉంటే కారుడు ఇంకా దొరకలేదన్నమాట, అప్పుడు అరకుకు ఈ కారులో కాక కిరండూల్ రైల్లో వెళ్లండి.